రోజూ రమ్మనే పెట్టె

కొన్ని ఆన్‌లైన్ ఆటలలో మన దేశంలోని వాళ్ళకి కొత్త రోజు ఉదయం అయిదున్నరకి మొదలవుతుంది. క్యాలెండరు ప్రకారం తేదీ మారేది అర్ధరాత్రి. పంచాంగం ప్రకారం వారం మారేది సూర్యోదయానికి. మరి ఈ అయిదున్నర ఎక్కడిది?

భూగోళం పాఠం ఒకసారి గుర్తు తెచ్చుకోండి. సున్నా డిగ్రీల రేఖాంశం ఇంగ్లండులోని గ్రీనిచ్ మీదుగా పోతుంది. మన గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి నడుస్తాయి. ఆ రేఖ మన కాకినాడకి దగ్గరగానే పోతుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున లెక్క కట్టండి. 330 నిమిషాలు, అంటే అయిదున్నర గంటలు. ప్రపంచ కాలమానంలో అర్ధరాత్రి అయ్యేసరికి మనకి తెల్లవారుజామున అయిదున్నర అవుతుంది. ప్రపంచంలోని ఆటగాళ్ళందరికీ ఒకే గడియారం పెట్టిన ఆటలలో కొత్త రోజు సరిగ్గా అప్పుడే పుడుతుంది. కొంతమంది పిల్లలు పాలవాడి కంటె ముందే లేచి దుప్పట్లో ఫోను వెలిగించడానికి కారణం ఇదే!

ఆట తెరవగానే ఒక పెట్టె కనబడుతుంది. వేలితో తాకితే మూత తెరుచుకుని గలగలమని నాణేలు రాలతాయి. పక్కనే ఏడు గళ్ళు. మొదటి గడిలో 10 నాణేలు, రెండో గడిలో 20, అలా పెరుగుతూ పోయి ఏడో గడిలో మెరుపులు చిమ్ముతూ ఒక పెద్ద పెట్టె. అది కావాలంటే ఏడు రోజులూ వరసగా రావాలి. మధ్యలో ఒక్కరోజు నాగా పెడితే మళ్ళీ మొదటి గడే గతి.

ఈ బహుమతి ఆటలో గెలిచినందుకు కాదు. ఆడినందుకు కూడా కాదు. కేవలం వచ్చినందుకు! మీరు బడికి రోజూ వెళ్తున్నారు, హాజరు పిలిస్తే పలుకుతున్నారు. అందుకు మాస్టారు ఎప్పుడైనా మీ చేతిలో నాణేలు పోశారా? మరి ఆటలవాళ్ళకి ఎందుకంత ఔదార్యం?

హాజరుపట్టీ ఎలా నడుస్తుంది?

మీ ఫోనులో కనబడే ఆటని నడిపించే పెద్ద కంప్యూటరు ఎక్కడో దూరాన ఉంటుంది. దాన్ని సర్వర్ అంటారు. అందులో మీ పేరుకి ఎదురుగా రెండు అంకెలు ఉంటే చాలు: మీరు కిందటిసారి వచ్చిన తేదీ, ఇప్పటికి వరసగా ఎన్ని రోజులు వచ్చారు అన్న లెక్క. మీరు లాగిన్ కాగానే సర్వర్ ఇవాళ్టి తేదీలోంచి ఆ పాత తేదీని తీసేస్తుంది. సున్నా వస్తే మీరు ఇవాళ ఇదివరకే వచ్చారు, పెట్టె తీసుకున్నారు, మళ్ళీ ఇవ్వనక్కర్లేదు. ఒకటి వస్తే నిన్న వచ్చారు, వరసకి ఒకటి కలుపుతుంది. రెండుగాని అంతకంటె ఎక్కువగాని వస్తే వరస తెగినట్టు. పాత లెక్క చెరిపేసి 1 అని రాస్తుంది. అంతే! మూడో తరగతి తీసివేత.

ఫోనులో తేదీ ముందుకి జరిపి రేపటి పెట్టె ఇవాళే కొట్టేద్దాం అనుకునే గడుగ్గాయిలు ఉంటారు. ఇంటర్నెట్టు లేకుండా ఫోనులోనే నడిచే చిన్న ఆటలలో ఆ యుక్తి అప్పుడప్పుడు పారుతుంది. సర్వర్ ఉన్న ఆటలలో పారదు. ఎందుకంటే అది మీ గడియారం వంక చూడనే చూడదు. తన గడియారమే చూసుకుంటుంది.

ఇంతకీ ఔదార్యం సంగతి. పెట్టెలోంచి రాలిన 10 నాణేలు తయారు చెయ్యడానికి కంపెనీకి ఎంత ఖర్చయింది? సర్వర్‌లో మీ పేరు పక్కన 340 అని ఉన్నచోట 350 అని మారింది. ఖర్చు దాదాపు సున్నా. కాని ఆ అంకె కోసం మీరు వచ్చారు చూశారా, దానికి విలువ ఉంది. ఇలాంటి ఆటలు చాలామటుకు ఉచితం. కంపెనీకి డబ్బు వచ్చే దారులు ముఖ్యంగా రెండు. మధ్యలో చూపించే ప్రకటనలు ఒకటి, ఆటలోని వస్తువులని నిజమైన డబ్బిచ్చి కొనే కొద్దిమంది రెండవది. ఈ రెండింటికీ జనం అక్కడ ఉండాలి. ఖాళీ సంతలో బేరమేముంది? అంచేత కంపెనీలు రోజుకి ఎంతమంది వచ్చారన్నది జాగ్రత్తగా లెక్కపెడతాయి. ఇవాళ కొత్తగా చేరినవాళ్ళలో రేపు ఎందరు తిరిగి వస్తారు, ఏడో రోజున ఎందరు మిగులుతారు, ముప్ఫయ్యో రోజున ఎందరు అన్నది మరో లెక్క. వారం పెట్టెలూ, నెల పెట్టెలూ ఈ లెక్కకి ఎంత చక్కగా అతుకుతాయో చూడండి.

అయితే అంత చవక బహుమతి అంత బలంగా ఎలా లాగుతుంది? ఈ ప్రశ్నకి జవాబు కంప్యూటర్లు రాకముందే, ఎలకల పంజరంలో దొరికింది.

ఒక శనివారం మధ్యాహ్నం

అమెరికాలో బి.ఎఫ్. స్కిన్నర్ (1904–1990) అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. 1930 ప్రాంతాలలో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఎలకల మీద ప్రయోగాలు చేసేవాడు. ఒక పెట్టె, అందులో ఒక మీట. ఎలక మీట నొక్కితే ఒక తిండి గుళిక పడుతుంది. ఆ గుళికలు బజారులో దొరికేవి కావు. మందులషాపుల్లో మాత్రలు చేసే యంత్రంలాంటి దానితో ఆయనే పిండి కలిపి, ఒత్తి, ఆరబెట్టుకునేవాడు. చాకిరీయే!

ఒక శనివారం మధ్యాహ్నం నిల్వ చూసుకుంటే, మిగిలిన గుళికలు సోమవారం పొద్దుటితో అయిపోయేటట్లున్నాయి. ఇక సాయంత్రమంతా యంత్రం దగ్గర కూర్చోవాలి. అప్పుడాయనకి ఒక ఆలోచన తట్టింది. నొక్కిన ప్రతిసారీ గుళిక ఎందుకివ్వాలి? నిమిషానికి ఒక్కసారి మాత్రమే ఇస్తే? గుళికలు ఆదా అవుతాయి కదా. అలా చేసి చూశాడు. ఎలకలు విసుగెత్తి మానెయ్యలేదు సరికదా, నిలకడగా నొక్కుతూనే ఉన్నాయి. బద్ధకం కూడా ఒక్కోసారి విజ్ఞానానికి మేలు చేస్తుంది కాబోలు!

అక్కడినుంచి ఆయన దృష్టి బహుమతి మీదనుంచి బహుమతి ఇచ్చే పద్ధతి మీదకి మళ్ళింది. తరువాత ఎలకలకి బదులు పావురాలని తెచ్చాడు. అవి గోడలో ఉన్న బిళ్ళని ముక్కుతో పొడిస్తే గింజలు వస్తాయి. చార్లెస్ ఫెర్‌స్టర్ అనే సహచరుడితో కలిసి ఏళ్ళ తరబడి చేసిన ఈ ప్రయోగాల ఫలితాలని 1957లో ఒక లావుపాటి గ్రంథంగా అచ్చు వేశాడు. అందులోంచి మనకి కావలసినవి మూడే.

మొదటి పద్ధతిలో నిర్ణీత కాలానికి ఒకసారి గింజలు. అయిదు నిమిషాలు గడిచాక పొడిచే మొదటి పోటుకే గింజలు వస్తాయనుకోండి. పావురం తినేసి కాసేపు ఊరుకుంటుంది. గడువు దగ్గరపడేకొద్దీ పొడవడం జోరందుకుంటుంది. పరీక్షలు అయిపోగానే పుస్తకం మూసేసి, మళ్ళీ పరీక్షల ముందు రాత్రిళ్ళు దీపం వెలిగించేవాళ్ళు మీకు తెలిసే ఉంటారు. అదే వంపు, అదే గీత. రోజుకొక పెట్టె కూడా ఈ జాతిదే. పెట్టె తీసుకున్నాక ఇక ఆ రోజుకి రానక్కర్లేదు. కొత్త రోజు పుట్టే వేళకి మాత్రం మెలకువ వచ్చేస్తుంది.

రెండో పద్ధతిలో నిర్ణీతమైన పనికి గింజలు. ఉదాహరణకి ఇరవై పోట్లకి ఒకసారి. పావురం గబగబా ఇరవై పొడిచి, తిని, కాస్త విశ్రాంతి తీసుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. "ఇవాళ మూడు పందేలు ఆడితే 100 పాయింట్లు" అనేది ఇదే.

మూడోదే అసలు చిత్రమైనది. సగటున ఇరవై పోట్లకి ఒకసారే గింజలు వస్తాయి. కాని ఒకసారి మూడో పోటుకే రావచ్చు, మరోసారి నలభయ్యో పోటుకి రావచ్చు. ఎప్పుడన్నది పావురానికి తెలియదు. అప్పుడు పావురం విశ్రాంతి మాటే మరిచిపోతుంది. ఎడతెగకుండా పొడుస్తుంది. గింజలు ఇవ్వడం పూర్తిగా మానేశాక కూడా చాలాసేపు పొడుస్తూనే ఉంటుంది. దక్కిన గింజలు ఎక్కువేమీ కాదు సుమండీ, సగటు అదే. మారినదల్లా ఎప్పుడు వస్తుందో తెలియకపోవడం. ఆటలోని పెట్టె మూత తెరిచేదాకా అందులో ఏముందో చెప్పరు. మామూలు నాణేలో, అరుదైన కత్తో. ఎందుకో ఇప్పుడు మీకే తెలిసింది.

ఇది మీరే చేసి చూడవచ్చు. ఇద్దరు స్నేహితులని వేరువేరు గదుల్లో కూర్చోబెట్టండి. కొన్ని వేరుశనగ గింజలూ, ఒక పాచికా దగ్గర పెట్టుకోండి. మొదటివాడు బల్ల మీద వేలితో కొట్టిన ప్రతి ఆరో దెబ్బకి ఒక గింజ ఇవ్వండి. రెండోవాడి ప్రతి దెబ్బకీ మీరు చాటున పాచిక వెయ్యండి. ఆరు పడితేనే గింజ. సగటు ఇద్దరికీ ఒకటే. పదేసి గింజలయ్యాక చెప్పకుండా ఇవ్వడం మానేసి, ఎవరు ఎన్ని దెబ్బలు కొట్టి లేస్తారో లెక్కపెట్టండి. మొదటివాడికి ఏడో దెబ్బకే అనుమానం వస్తుంది. రెండోవాడికి అనుమానం రావడానికి ఆధారమే లేదు. ఇంతకుముందు కూడా పదిహేను దెబ్బలకి ఏమీ రాని సందర్భాలు ఉన్నాయి కదా! ఒక్కరిద్దరితో చేస్తే ఫలితం తేలకపోవచ్చు. తరగతిలో పదిమందితో చేసి సగటు తీయండి. మనుషులు పావురాలు కారు. విసుగు పుడితే గింజలగిన్నె లాక్కుని పోయేవాళ్ళు కూడా ఉంటారు.

వస్తే చాలదు, ఆడాలి

ఉత్త హాజరుకే పెట్టె ఇస్తే, జనం పెట్టె తీసుకుని వెళ్ళిపోతారు. అంచేత చాలా ఆటలలో పెట్టె వెనకాల మరో పట్టీ ఉంటుంది. ఒక పందెం ఆడితే ఇన్ని పాయింట్లు, ఒక మిత్రుడికి కానుక పంపితే ఇన్ని, అలా రోజుకి 100 కూడబెట్టాలి. 20 దగ్గర చిన్న పెట్టె, 60 దగ్గర మధ్యరకం, 100 దగ్గర పెద్దది. ఆటలోకి వచ్చి ఫోను పక్కన పడేసి అన్నానికి వెళ్ళిపోతే కుదరదు. కొన్ని నిమిషాలపాటు వేలు కదలకపోతే సర్వర్ పసిగడుతుంది. అలాంటివాణ్ణి పందెంలోంచి తీసేసే ఆటలూ ఉన్నాయి.

దీనికి సరిగ్గా ఎదురుగా నడిచే పద్ధతి ఇంకొకటుంది. ఎక్కువసేపు ఆడనివ్వకపోవడం! 2012లో వచ్చిన 'క్యాండీ క్రష్ సాగా'లో ఆటగాడికి అయిదు ప్రాణాలు ఉంటాయి. ఓడితే ఒకటి పోతుంది. పోయిన ప్రాణం తిరిగి రావడానికి 30 నిమిషాలు పడుతుంది. అయిదూ పోతే పూర్తిగా నిండడానికి రెండున్నర గంటలు. తలుపు మూసి పంపేస్తే కోపం రావాలి కదా. కాని కడుపు నిండకముందే విస్తరి తీసేస్తే మనసు వంటింటి చుట్టూనే తిరుగుతుంది. అరగంటకొకసారి ఫోను చూడడం అలవాటవుతుంది.

2009లో ఫేస్‌బుక్కులో వచ్చిన 'ఫార్మ్‌విల్' మరీ గడుసుది. అందులో ఆటగాడు రైతు. స్ట్రాబెర్రీ నాటితే నాలుగు గంటలలో పంటకొచ్చేది. సమయానికి వచ్చి కోసుకోకపోతే చేను ఎండిపోయేది. అంటే నాటే వేళలోనే, మళ్ళీ ఎప్పుడు రావాలో మనమే మాట ఇచ్చినట్టన్నమాట. ఆఫీసుల్లో పెద్దవాళ్ళు కూడా లేని పొలం కోసం గడియారం చూసుకున్నారు. ఆ ఆటని 2020 డిసెంబరు 31న మూసివేశారు.

2016 జులైలో విడుదలైన 'పోకెమాన్ గో' అదే నవంబరులో రోజువారీ బహుమతులు పెట్టింది. రోజూ మొదటి పోకెమాన్‌ని పట్టుకుంటే 500 పాయింట్లు. ఏడు రోజులు వరసగా పట్టుకుంటే ఏడో రోజున 2,000. ఆటగాడు వీధుల్లో నడవాల్సిన ఆట కాబట్టి ఈ బహుమతితోపాటు కాళ్ళకి వ్యాయామం కూడా దక్కింది. అన్ని ఆటలకీ అంత అదృష్టం లేదు.

పేరు మారితే మనసు మారింది

బహుమతులు ఎలా పనిచేస్తాయో చూపే ఉదంతాలలో నాకు అన్నిటికంటె నచ్చినది 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' అనే ఆటది. అది 2004 నవంబరులో విడుదలయింది. అంతకుముందు పరీక్షగా కొందరిచేత ఆడించేటప్పుడు, జనం మరీ గంటల తరబడి ఆడకుండా తయారుచేసినవాళ్ళు ఒక నియమం పెట్టారు. కొంతసేపు ఆడాక వీరుడు అలసిపోతాడు, ఇక వాడికి సగం పాయింట్లే వస్తాయి. ఆటగాళ్ళు మండిపడ్డారు. మా కష్టంలో సగం కోస్తారా అన్నారు. అప్పుడు వాళ్ళు ఏం చేశారో తెలుసా? లెక్కని దాదాపు అలాగే ఉంచి పేర్లు మార్చేశారు. మొదట మామూలు అనేదానికి 'విశ్రాంతి తీసుకున్న స్థితి' అని పేరుపెట్టి అప్పుడు రెట్టింపు పాయింట్లు అన్నారు. అలసిన స్థితికి 'మామూలు' అని పేరుపెట్టారు.

100, 50 అన్నా, 200, 100 అన్నా నిష్పత్తి ఒకటే. మెట్టు ఎక్కడానికి కావలసిన పాయింట్లని కూడా రెట్టింపు చేస్తే పట్టే సమయమూ ఒకటే. కాని మొదటిదాన్ని శిక్ష అని తిట్టినవాళ్ళే రెండోదాన్ని బహుమతి అని మెచ్చుకున్నారు.

దీని వెనుకనున్న మనస్తత్వాన్ని డేనియల్ కానెమన్, ఏమస్ ట్వర్‌స్కీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1979లోనే వివరించారు. వంద రూపాయలు దొరికితే కలిగే సంతోషం కంటె వంద రూపాయలు పోతే కలిగే బాధ పెద్దది. వాళ్ళ తరువాతి లెక్కల ప్రకారం సుమారు రెండింతలు. ఈ పరిశోధనల ఫలితంగా కానెమన్‌కి 2002లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి ట్వర్‌స్కీ బతికి లేడు.

ఇప్పుడు రోజుల వరసని ఈ కళ్ళతో చూడండి. మూడో రోజున పెట్టె ఒక లాభం. ఇరవై తొమ్మిదో రోజున అది లాభం కాదు, పోగొట్టుకోగలిగిన ఆస్తి. కూడబెట్టిన ఇరవై తొమ్మిది రోజులూ ఒక్క నాగాతో సున్నా అయిపోతాయి. అందుకే జ్వరంతో మూసిన కన్ను తెరవలేని పిల్లవాడు కూడా వరస తెగిపోతుందని ఫోను అడుగుతాడు. పెళ్ళికని బయల్దేరి, మధ్యలో సిగ్నల్ లేని ఊరు తగిలితే విలవిలలాడతాడు. మొదట్లో వాడు ఆటకోసం వచ్చేవాడు, ఇప్పుడు అంకె కోసం వస్తున్నాడు. తెగిన వరసని మళ్ళీ అతికించడానికి డబ్బు పుచ్చుకునే ఆటలు కూడా ఉన్నాయి. భయాన్ని పెంచి, దానికి మందు అమ్మడం నాకు మాత్రం మర్యాదగా తోచదు.

మెదడులో ఏం జరుగుతుంది? డోపమిన్ అనే రసాయనం పేరు మీరు వినే ఉంటారు. దాన్ని ఆనందాన్నిచ్చే రసం అని రాసేస్తుంటారు. అది సరికాదు. వుల్ఫ్‌రామ్ షుల్ట్స్ అనే శాస్త్రజ్ఞుడు కోతుల మీద చేసిన ప్రయోగాల వివరణ 1997లో వెలువడింది. దీపం వెలిగాక కోతికి ఒక చుక్క పళ్ళరసం ఇచ్చేవారు. మొదట్లో రసం అందినప్పుడు డోపమిన్ కణాలు చురుకయ్యాయి. దీపానికీ రసానికీ సంబంధం కోతికి తెలిశాక, దీపం వెలగగానే చురుకయ్యాయి, రసం అందినప్పుడు మామూలుగా ఊరుకున్నాయి. దీపం వెలిగి రసం రాకపోతే, రావలసిన క్షణానికి వాటి చురుకుదనం మామూలు కంటె కూడా పడిపోయింది. అంటే అవి రుచి చెప్పే కణాలు కావు, అనుకున్నదానికీ జరిగినదానికీ ఉన్న తేడా చెప్పే కణాలు. రసం వస్తుందో రాదో సగానికి సగం అనుమానంగా ఉన్నప్పుడు, ఎదురుచూసే ఆ కాస్తసేపూ వీటి చురుకుదనం అన్నిటికంటె ఎక్కువగా ఉంటుందని 2003లో షుల్ట్స్ బృందమే చూపింది. "మీ పెట్టె సిద్ధంగా ఉంది" అని ఫోను ఠంగుమన్నప్పుడు వెలిగింది ఆ దీపమే.

రోజూ ఆడేవాళ్ళందరూ రోగులని దీని అర్థం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని తన వ్యాధుల పట్టికలో చేర్చిన మాట నిజమే. ఆ పట్టిక 2022 జనవరి నుంచి అమలులో ఉంది. కాని అందులోని నిర్వచనం కఠినమైనది. ఆట మీద అదుపు తప్పి, చదువూ, నిద్రా, బంధువులూ వెనకబడి, ఆ స్థితి సాధారణంగా ఏడాది పాటు కొనసాగితేనే వ్యాధి అంటారు. మన అష్టాచమ్మా, పులిజూదం ఎవరికీ పెట్టెలు ఇవ్వలేదు. అయినా అరుగుల మీద జనం వాటికోసం చీకటిపడేదాకా కూర్చునేవారు. ఆట అన్నాక లాగుతుంది. ప్రశ్నల్లా లాగేది ఆటా, పెట్టెనా అన్నదే.

ఈ ప్రశ్న ఒక ప్రభుత్వం దాకా కూడా వెళ్ళింది. చైనాలో 18 ఏళ్ళలోపు పిల్లలు శుక్ర, శని, ఆదివారాలూ సెలవురోజులూ తప్ప ఆన్‌లైన్ ఆటలు ఆడకూడదని, ఆ రోజుల్లో కూడా రాత్రి 8 నుంచి 9 దాకానే ఆడాలని 2021లో నియమం వచ్చింది. 2023 డిసెంబరు 22న అక్కడి అధికారులు ఇంకో ముసాయిదా బయటపెట్టారు. అందులో రోజువారీ లాగిన్‌కి బహుమతులు ఇవ్వకూడదని ఉంది, ఈసారి పిల్లలకనే కాదు, ఎవరికీ! ఆ ఒక్కరోజులో హాంగ్‌కాంగ్ మార్కెట్టులో టెన్సెంట్ కంపెనీ వాటా ధర సుమారు 12 శాతం, నెట్ఈజ్ వాటా ధర సుమారు 25 శాతం పడిపోయాయి. ముసాయిదాలో ఆటగాళ్ళ ఖర్చుకి హద్దు పెట్టే మాటలు కూడా ఉన్నాయి కాబట్టి, ఈ నష్టమంతా పెట్టె మూలంగానే అనలేం. అయినా దమ్మిడీ ఖర్చులేని ఆ నాణేల మీద ఎంత వ్యాపారం నిలబడి ఉందో దీన్నిబట్టి ఊహించవచ్చు. మరుసటి నెలలోనే ఆ ముసాయిదా అధికారుల వెబ్‌సైటులోంచి మాయమయింది.

మీ సంగతి మీరే కొలుచుకోవాలంటే ఒక నోటుపుస్తకం చాలు. ఒక వారంపాటు ఆట తెరిచిన ప్రతిసారీ నాలుగు విషయాలు రాయండి. ఎన్ని గంటలకి తెరిచారు? మీకై మీకు గుర్తొచ్చి తెరిచారా, ఫోను పిలిస్తే తెరిచారా? పెట్టెలు ఏరుకోవడానికి ఎన్ని నిమిషాలు పట్టింది? ఆట ఆడింది ఎన్ని నిమిషాలు? మూడో రోజున పెట్టె ముట్టుకోకుండా ఆట మాత్రమే ఆడి, ఎలా అనిపించిందో ఒక్క వాక్యం రాయండి. ఏడో రోజు రాత్రి నిమిషాల వరసలు రెండూ వేరువేరుగా కూడి, పెద్ద మొత్తం ఏ గడిలో ఉందో చూడండి.